లైన్లు ముందా, ప్లాంట్లు ముందా? సీమ కరెంటు దారి ఖర్చు ఎవరిది?

ఉరవకొండ గాలిమర (అనంతపురం):
మా వైపు గట్ల మీద ఎక్కడ చూసినా గాలిమరలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి దంచికొడుతుంది. ఆ సీజన్లోనే కొన్నిసార్లు మరలు ఊరికే నిలబడి ఉంటాయి. చెడిపోయాయా అని అడిగితే, 'కాదన్నా, లైను చాలదని పైనుంచి తగ్గించమన్నారు' అంటారు అక్కడ పనిచేసే పిల్లలు. ఇట్లా ఉండగానే 2024 అక్టోబరు క్లీన్ ఎనర్జీ పాలసీలో రాష్ట్రం 160 గిగావాట్లకు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) పైగా లక్ష్యం పెట్టుకుంది. అందులో పెద్ద వాటా మన కర్నూలు, అనంతపురం, కడప వైపే వస్తుంది. సోలార్ ప్లాంటు ఏడాదిన్నర, రెండేళ్లలో లేస్తుంది. పెద్ద లైను, సబ్‌స్టేషన్ పూర్తి కావాలంటే నాలుగైదేళ్లు. కాబట్టి ప్రభుత్వమే ముందు లైన్లు వేసి పెట్టాలి, ప్లాంట్లు తర్వాత వాటంతట అవే వస్తాయి. ఇదీ నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

బిల్లు బాధితుడు (కడప):
ప్రభుత్వం వేయాలంటే ఎవరి డబ్బుతో అన్నా? చివరికి ట్రూఅప్ (పాత ఖర్చుల తేడా తర్వాత వసూలు చేయడం) అనో, సర్దుబాటు అనో నా బిల్లులోకే వస్తుంది. సోలార్ ప్లాంటు ఏడాది మొత్తం మీద దాని సామర్థ్యంలో నాలుగో వంతు కరెంటు ఇస్తే గొప్ప. అంటే లైను మిట్టమధ్యాహ్నానికి సరిపడా లావుగా వేసి, పొద్దు గూకినాక ఖాళీగా పెడతాం. ఖాళీగా ఉన్నా బాడుగ మాత్రం పూర్తిగా కట్టాలి. ప్లాంట్లే రాకపోతే? అప్పుడూ నేనే.

పాత ట్రాన్స్‌మిషన్ ఉద్యోగి (కర్నూలు):
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. రిటైరైనోణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటు కట్టేటప్పుడు ఈ ప్రశ్నే లేదు. ప్లాంటూ విద్యుత్ బోర్డుదే, లైనూ బోర్డుదే. ప్లాంటు ఎప్పుడు పూర్తయితే లైను అప్పటికి వెళ్లాలని ఒకే ఆఫీసులో తేల్చేవాళ్లు. 1999 ఫిబ్రవరిలో బోర్డును కరెంటు తయారీకి జెన్‌కో, లైన్లకు ట్రాన్స్‌కో అని విడగొట్టారు. ఆ తర్వాత 2003 విద్యుత్ చట్టం ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేదంది. ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ ప్లాంటు పెట్టుకోవచ్చు. లైను వేయాలంటే మాత్రం లైసెన్సు, విద్యుత్ నియంత్రణ కమిషన్ అనుమతి, వాడకం ఉంటుందన్న రుజువు అన్నీ కావాలి. లైను లేదని అప్పు ఇచ్చేవాడు ప్లాంటును ఆపుతాడు, ప్లాంటు లేదని కమిషన్ లైనును ఆపుతుంది. ఇది ఎవరి సోమరితనమో కాదు, పద్ధతే అట్లా ఉంది.

రెండూ కలిపి చేస్తే ఏమవుతుందో చూడాలంటే మన కర్నూలు వైపు గని–శకునాల సోలార్ పార్కుకు పోండి. వెయ్యి మెగావాట్లు, 2017లో పూర్తయింది. భూమి, రోడ్లు, సబ్‌స్టేషన్లు, కరెంటు బయటికి పోయే దారి అన్నీ ఒకే ప్లానులో పెట్టారు. 2015 నవంబరులో సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ అక్కడ యూనిట్ 4 రూపాయల 63 పైసలకు 500 మెగావాట్లు గెలిచి, ఆర్నెల్లు తిరక్కుండానే దివాలా తీసింది. అయినా పార్కు ఆగలేదు. ఆ కంపెనీ మన దేశంలో ఆస్తుల్ని గ్రీన్‌కో కొనుక్కుంది, పని నడిచింది. కంపెనీ పోయినా చోటు, లైను అక్కడే ఉన్నాయి కాబట్టి.

అమెరికాలో టెక్సాస్ కూడా ఇట్లాగే చేసింది. గాలి బాగున్న జోన్లను ముందు గుర్తించి, 2008లో లైన్ల ప్లానుకు ఆమోదం ఇచ్చి, 2013 చివరికల్లా దాదాపు 3,600 మైళ్లు వేశారు. ఖర్చు 700 కోట్ల డాలర్ల దరిదాపుల్లో. చైనాలో గాన్సు రాష్ట్రం దానికి తలకిందులుగా గాలిమరలు ముందు నాటింది. 2016లో అక్కడ గాలి కరెంటులో 43 శాతం వృథా పోయింది.

బిల్లు బాధితుడు:
సార్, టెక్సాస్ ఉదాహరణ మనకు అతకదు. వాళ్ల గ్రిడ్ వాళ్లదే. వేసింది వాళ్లే, కట్టింది వాళ్లే, వాడుకుంటున్నదీ వాళ్లే. ఇక్కడ సీమ ఎండతో చేసిన కరెంటు ఏ రాష్ట్రానికో పోతుంటే, లైను ఖర్చు కడపోళ్లు ఎందుకు మోయాలి?

పాత ట్రాన్స్‌మిషన్ ఉద్యోగి:
అది ఏ లైను అన్నదాన్ని బట్టి ఉంటుంది నాయనా. అంతర్రాష్ట్ర లైనైతే, దాన్ని వాడుకునే రాష్ట్రాలన్నీ ఛార్జీలు పంచుకుంటాయి. ట్రాన్స్‌కో లైనైతే మన బిల్లులోకి వస్తుంది, ఆ మాట నిజం. సోలార్, గాలి కరెంటు కోసం లైన్లు వేసే గ్రీన్ కారిడార్ పథకం మొదటి దశలో రాష్ట్రం లోపలి లైన్లకు కేంద్రం 40 శాతం గ్రాంటు ఇచ్చింది, ఇంకో 40 జర్మనీ అప్పు, మిగతా 20 రాష్ట్రానిది. బయటికి అమ్మే ప్లాంట్లను అంతర్రాష్ట్ర సబ్‌స్టేషన్లకే కలపాలి, రాష్ట్రం నెత్తిన పెట్టకూడదు అని నువ్వు అడిగితే నేనూ నీతో కలిసి అడుగుతా.

సోలార్ సైట్ (నంద్యాల):
కంపెనీల వైపు నుంచి ఒక మాట. లైను రిస్కు మా మీదా ఉంది. కనెక్టివిటీకి, అంటే ప్లాంటును గ్రిడ్‌కు కలిపే అనుమతికి దరఖాస్తు పెడితే 50 లక్షల బ్యాంకు గ్యారంటీ, దాని పైన మెగావాట్‌కు ఇంత అని ఇంకా కట్టాలి. మస్ట్‌రన్, అంటే మా కరెంటును ఆపకుండా తీసుకోవాలి అంటారు గానీ, 2021 రూల్స్ ప్రకారం గ్రిడ్ భద్రత కోసమని తగ్గిస్తే నష్టపరిహారం రాదు. లైను చాలనప్పుడు చెప్పే కారణం అదే కదా! 2025లో రాజస్థాన్‌లో పగటిపూట వేల మెగావాట్లు ఇట్లాగే ఆపించారు.

ఉరవకొండ గాలిమర:
అందుకే కదా లైన్లు ముందు అంటున్నది!

సోలార్ సైట్:
పూర్తిగా వినన్నా. 2025లో దేశంలో టెండరు గెలిచి కూడా కొనేవాళ్లు సంతకం పెట్టని ప్లాంట్లు 40 గిగావాట్లకు పైనే ఉండినాయి. వాటిని నమ్మి లైన్లన్నీ వేసి ఉంటే ఎంత ఖాళీగా పడి ఉండేవో ఆలోచించు. గండికోటలో నీళ్లు నింపి పిల్లకాలువలు తవ్వకపోవడం ఎంత తప్పో, నీళ్లు రాని చోటికి కాలువ తవ్వడమూ అంతే తప్పు. ఇంకోటి, ధరలు పడిపోయే కాలంలో కరెంటు కొని పంచే డిస్కమ్‌లు సంతకానికి తొందరపడవు. గనిలో 4.63 పలికిన సోలార్, కడప పార్కు కోసం 2017 ఏప్రిల్‌లో వేసిన టెండరులో 3.15కు దిగింది. 2019లో ఇక్కడి ప్రభుత్వం పాత పీపీఏలను (కరెంటు కొనుగోలు ఒప్పందాలను) తిరగదోడబోయింది. పాత రేట్లే కట్టాలని హైకోర్టు చెప్పేసరికి 2022 మార్చి వచ్చింది. ఆ మధ్య మాకు అప్పు పుట్టడమే గగనమైంది.

బిల్లు బాధితుడు:
మరి మన దగ్గరే ఇంత ఎండ పెట్టుకుని, 2021 డిసెంబరులో రాజస్థాన్ కరెంటు 7,000 మెగావాట్లకు 2.49 చొప్పున 25 ఏళ్లకు ఒప్పందం ఎందుకు చేసుకున్నాం? ఎవరైనా చెప్పండి.

పాత ట్రాన్స్‌మిషన్ ఉద్యోగి:
రాజకీయాల జోలికి పోను, లెక్క ఒకటి చెప్తా. అప్పట్లో సోలార్, గాలి కరెంటుకు అంతర్రాష్ట్ర లైను ఛార్జీ పూర్తిగా మాఫీ. దూరానికి ధరే లేనప్పుడు ఎండ ఎక్కడ ఎక్కువైతే ప్లాంటు అక్కడికే పోతుంది, దాని వెనకాల లైను పరుగెత్తాలి. ఆ ఖర్చు మాయం కాలేదు, మిగతా వాడకందార్ల మీద పడింది. 2025 జూన్ 30 తర్వాత పూర్తయ్యే ప్లాంట్లకు ఆ మాఫీని ఏటా 25 శాతం చొప్పున తగ్గిస్తున్నారు. నన్నడిగితే ఇది పదేళ్ల కిందట చేయాల్సిన పని. లైను ధర ప్లాంటు పెట్టేవాడికి తగలకపోతే ఎన్ని కమిటీలు వేసినా సమన్వయం కుదరదు.

కాబట్టి నా లెక్కలో, అన్ని చోట్లా లైన్లు ముందు వేయకూడదు. సోలార్, గాలి, నీటి నిల్వ మూడూ ఒకే చోట దొరికే రెండు మూడు జోన్లకే ముందు వేయాలి. పగలు సోలార్ వాడే తీగ మీద రాత్రి పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ (పగలు నీళ్లు పైకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి తీసే) కరెంటు, వానాకాలం సాయంత్రాలు ఉరవకొండ గాలి పోతే, ఆ లైను ఖాళీ అనే మాటే రాదు. ఒకే కనెక్షన్‌ను ఎండ ఉన్న గంటలకు ఒకరికి, లేని గంటలకు ఇంకొకరికి ఇచ్చేలా కేంద్ర కమిషన్ 2025లో రూల్స్ మార్చింది కూడా.

ఓర్వకల్లు చేను:
ఇంతసేపూ చదివినా. రెండేళ్లు, ఐదేళ్లు అంటున్నారు గానీ ఆ ఐదేళ్లు ఎందుకు పడుతుందో ఒక్కరూ చెప్పలేదేమప్పా? మా చేలల్లోంచి పోవాలి కాబట్టి. పార్కుకు భూమి ఇచ్చినోడికి ఏటా కౌలో, ఒకేసారి ధరో వస్తుంది. టవర్ పడినోడికి ఏం వచ్చింది? 2015 కేంద్రం గైడ్‌లైన్స్‌లో టవర్ నిలబడిన చోటుకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద భూమికి మహా అయితే 15 శాతం. ఆ విలువ రిజిస్ట్రేషన్ రేటు, మార్కెట్ రేటు కాదు. టెలిగ్రాఫ్ చట్టం అధికారం ఉందంటారు, జేసీబీతో దిగుతారు. 2024 జూన్‌లో కేంద్రం దాన్ని టవర్ చోటుకు భూమి విలువకు రెండింతలు, పల్లెల్లో తీగల కింద 30 శాతం చేయమంది. కానీ అమలు చేయాల్సింది రాష్ట్రాలు.

ఉరవకొండ గాలిమర:
ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు. రెండింతలిస్తే లైను ఖర్చు ఇంకా పెరుగుతుంది కదా?

ఓర్వకల్లు చేను:
పెరుగుతుంది. ఒక ఏడాది కోర్టులో నిలబడితే అంతకన్నా పెరుగుతుంది.

సోలార్ సైట్:
అన్న చెప్పింది నిజం. అటు ప్లాంటు రెడీగా ఉండి, ఇటు నాలుగు టవర్ల కోసం నెలలు కూర్చోవడం నేను చూసినా. తీగల కింద భూమికి కూడా ఏటా కౌలు లాంటిది ఇస్తే మా యూనిట్ ధరలో పైసల తేడానే వస్తుంది.

బిల్లు బాధితుడు:
ఆ పైసలు నేను కట్టడానికి సిద్ధం. ఖాళీ లైనుకు కట్టను, అంతే. ట్రాన్స్‌కో ఛార్జీల మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్‌సీ) బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఇదే రాసి ఇస్తా. ఓర్వకల్లు అన్నా, మీ వైపు టవర్లకు ఏ రేటు కట్టిస్తున్నారో కాగితం ఏదైనా ఉంటే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు. అభ్యంతరానికి జత చేద్దాం.