పాత అప్లికేషన్లు మార్చేవాళ్లకు ముందు కోబాల్ నేర్పాలా, నేరుగా జావానా?

బ్యాచ్‌జాబ్: కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న బిల్లింగ్ అప్లికేషన్‌ని జావాలోకి మారుస్తున్నాం. కొత్తగా చేరినవాళ్ల ట్రైనింగ్ ప్లాన్ నన్ను వేయమన్నారు. జావాలో అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్, క్లౌడ్ నేర్పితే చాలు, పాత కోడ్ సంగతి దాన్ని మార్చే టూల్ చూసుకుంటుందని మా మేనేజర్ అంటున్నారు. ముందు కోబాల్ చదవడం రావాలని నా పట్టుదల. మీరేమంటారు?

క్లౌడ్‌బాట: మీ మేనేజర్ చెప్పిందే కరెక్టండీ. 1959లో పుట్టిన భాష నేర్చుకోమంటే కొత్తవాళ్లు ఎందుకు నిలుస్తారు? రెజ్యూమేలో అది కనబడితే ఎప్పటికీ మెయింటెనెన్స్‌కే పరిమితం చేస్తారని వాళ్ల భయం. ఏ ప్రోగ్రాం ఏం చేస్తుందో ఇప్పుడు ఏఐ టూల్సే విడమర్చి చెబుతున్నాయి.

పాతకోడ్: ఆ భయం ఉత్తదేం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఒక్క లైను చూడండి. కోబాల్‌లో లెక్క చేసే కంప్యూట్ స్టేట్‌మెంట్‌కి రౌండెడ్ అని రాయకపోతే, ఫీల్డ్‌లో పట్టని దశాంశ అంకెల్ని కోసేస్తుంది. రెండు దశాంశాల ఫీల్డ్‌లోకి 10.678 వెళ్తే 10.67 మిగులుతుంది. జావాలో దశాంశ లెక్కలకు వాడే బిగ్‌డెసిమల్‌కి హాఫ్ అప్ (సగం, ఆపైన ఉంటే పై అంకెకి సవరించడం) పెట్టి రాసినవాళ్లకి 10.68 వస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు, నెలాఖరు లెక్కలు మాత్రం కలవవు. అలా కోసేయడం ఎప్పటిదో పొరపాటా, లేక కావాలని పెట్టిన రూలా? కోడ్ ఒక్కటే చూసే టూల్‌కి అది తెలిసే దారి లేదు, బిల్లింగ్ వాళ్లనే అడగాలి. అడగాలంటే ముందు ఆ లైను మన కంటపడాలి కదా.

క్లౌడ్‌బాట: టెస్టులు పట్టుకోవా?

పాతకోడ్: కొత్త కోడ్ రాసినవాళ్లే తమకు తోచిన జవాబుతో టెస్టు రాస్తే 10.68 దర్జాగా పాసైపోతుంది. పాత ప్రోగ్రాంకి ఇన్‌పుట్ ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌ని తప్పో ఒప్పో ఉన్నదున్నట్టు పట్టి ఉంచి, కొత్తదాన్ని దాంతో సరిపోల్చాలి. క్యారెక్టరైజేషన్ టెస్ట్ అంటారు. ట్రైనింగ్ దీంతోనే మొదలుపెట్టండి. కోబాల్‌లో కొత్త ప్రోగ్రాంలు రాయడం నేర్పక్కర్లేదు, చదవడం వస్తే చాలు.

డేటామైగ్రేషన్: ఇంకోటి కూడా నేర్పాలి, అంతా ఒకేసారి మార్చకూడదని. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఒక్క వారాంతంలో ఖాతాదారుల డేటానంతా కొత్త సిస్టంలోకి మార్చింది. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. 2022లో రెగ్యులేటర్లు 4.8 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశారు. ఒక్కో మాడ్యూల్‌ని (అప్లికేషన్‌లో ఒక్కో భాగాన్ని) విడదీసి, కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, రిపోర్టులు కలిశాకే పాతదాన్ని ఆపాలి.

క్లౌడ్‌బాట: చదవడం వరకైతే ఒప్పుకుంటాను. అయితే మొదటి రోజు నుంచే జావా కూడా చేతిలో పెట్టండి. పొద్దున పాత ప్రోగ్రాం చదివి, మధ్యాహ్నం అదే ముక్కని కొత్తగా రాయాలి. నెలల తరబడి పాతదే చదివిస్తే మంచివాళ్లు వెళ్లిపోతారు.

బ్యాచ్‌జాబ్: ఇది బాగుంది. మా దగ్గర ఆ కోడ్ తెలిసినవారు ఒక్కరే మిగిలారు, త్వరలో రిటైరవుతున్నారు. ఆయన్ని రోజూ ఒక గంట ట్రైనింగ్‌కి ఇవ్వమని రేపు మేనేజర్‌ని అడుగుతాను.

పాతకోడ్: గంట చాలదండీ, సగం పూట అడగండి.