యూరప్ డిఫెన్స్‌కి 800 బిలియన్ యూరోలు అంటున్నారు, అసలు ఆ డబ్బు ఎక్కడిది?

నైట్‌షిఫ్ట్:
ఈయూలో ఏ దేశమైనా బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదు కదా, గ్రీస్ అప్పుల గొడవ టైంలో ఈ రూల్స్ పేరు చెప్పి వాళ్లని ఎంత సతాయించారు, మరి 2025 మార్చిలో యూరోపియన్ కమిషన్ (ఈయూ పాలనా విభాగం) ప్రెసిడెంట్ ఫాన్ డెర్ లయెన్ వచ్చి డిఫెన్స్‌కి 800 బిలియన్లు అనేసింది. బ్రస్సెల్స్‌లో, అంటే ఈయూ ఖజానాలో, అంత ఉందా? చివరికి కట్టేది ఎవరు?

లెక్కల మాస్టారు:
లేదండి, అది చాలావరకు కాగితం లెక్క. 150 బిలియన్లు మాత్రం కమిషన్ మార్కెట్లో అప్పు తెచ్చి దేశాలకి లోన్ ఇస్తుంది, సేఫ్ అంటారు, తిరిగి కట్టాల్సిందే. మిగతా 650 ఏంటంటే, నాలుగేళ్లపాటు డిఫెన్స్ ఖర్చు జీడీపీలో 1.5 శాతం దాకా పెంచుకున్నా లోటు రూల్ కింద పట్టుకోం అన్నారు, అందరూ అలా పెంచితే అంత అవుతుందని అంచనా. డబ్బు ఇచ్చింది లేదు, అప్పు చేసుకోమని పర్మిషన్ ఇచ్చారంతే.

పాతకాపు:
పర్మిషన్ ఉంటే చాలా మాస్టారూ, వడ్డీ భరించొద్దూ? ఇటలీ అప్పు జీడీపీలో 130 శాతం పైన, ఫ్రాన్స్ 110 దాటేసింది. జర్మనీకి 60 చిల్లర, అందుకే దర్జాగా రాజ్యాంగమే మార్చుకుంది. అక్కడి సీడీయూ పార్టీ వాళ్లు మేనిఫెస్టోలో డెట్ బ్రేక్ (ప్రభుత్వ అప్పుకి రాజ్యాంగంలో పెట్టిన పరిమితి) ఉంచుతాం అని రాసుకుని, ఎలక్షన్ అయ్యాక కొత్త బుండెస్టాగ్ (పార్లమెంట్) కూర్చోకముందే పాత దాంట్లోనే గ్రీన్స్ పార్టీని కలుపుకుని మూడింట రెండొంతుల మెజారిటీతో పాస్ చేయించారు (కొత్త దాంట్లో ఆ నంబర్ రాదని తెలుసు మరి). ఇప్పుడు జీడీపీలో 1 శాతం దాటిన డిఫెన్స్ ఖర్చు డెట్ బ్రేక్ లెక్కలోకే రాదు. ఉన్నోడికి తుపాకులు, లేనోడికి రూల్స్, నాకైతే అలాగే కనిపిస్తోంది.

లెక్కల మాస్టారు:
కొంచెం తొందరపడుతున్నారు. సేఫ్ వల్ల లాభం మీరన్న ఆ లేనోళ్లకే, జర్మనీ అసలు ఆ లోన్ తీసుకోలేదు, సొంతంగానే చవగ్గా అప్పు పుడుతుంది కాబట్టి. ఎక్కువ వాటా పోలండ్‌ది, దాదాపు 43.7 బిలియన్లు. పైగా ఆ డబ్బుతో కొన్నదాని విలువలో బయటి దేశాల పార్టులు 35 శాతం మించకూడదు, అంటే అమెరికా కంపెనీలకి మొత్తం పోకుండా అన్నమాట.

నైట్‌షిఫ్ట్:
మరి నాటో డిఫెన్స్ ఖర్చు టార్గెట్‌కి స్పెయిన్ ఎందుకు ఒప్పుకోలేదు? డబ్బు లేకనా?

పాతకాపు:
డబ్బు ఒక్కటే కాదు బ్రో, రష్యాకి దూరం కూడా. 2025 జూన్‌లో హేగ్‌లో నాటో వాళ్లు 2035 కల్లా జీడీపీలో 5 శాతం అంటే స్పెయిన్ ప్రధాని సాంచెజ్ మాకు 2.1 చాలు అన్నాడు. పోలండ్ ఇప్పటికే 4 దాటింది, పక్కనే రష్యా దోస్తు బెలారుస్, రష్యా ముక్క కలినిన్‌గ్రాడ్ ఉంటే ఎవరైనా పెడతారు. మాడ్రిడ్‌లో కూర్చున్నవాడికి పెన్షన్లు ముందు కనిపిస్తాయి, ఓట్లు అక్కడే ఉన్నాయి కదా.