సమస్య: "వెన్న యీగ గలిసి విప్పె రెక్క"

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు ఆటవెలది. ఇంగ్లీషు జంటమాటల మీదే, అంటే మాటలు కలిసి ఒక్కటైన పదాల మీదే పూరించాలి. వెన్నా ఈగా కలిస్తే రెక్కలు ఎలా వచ్చాయో పద్యంలో తేలాలి.

పూరణ 1 (ఒక టీచరమ్మ)

బటరు, ఫ్లైని కలిపి పలుకగా నొకమాట
సీతకోక చిలుక చెంత వాలె;
తెల్లబోయి చూచె తెలుగింటి పిల్లాడు;
వెన్న యీగ గలిసి విప్పె రెక్క.

నిర్వాహకుడు: అమ్మా, ముడి రెండో పాదానికే విడిపోయింది, చాలా బాగుంది. 'సీతాకోక' అంటే మొదట్లోనే రెండు గురువులు పడి సూర్యగణం చెడుతుంది. 'సీతకోక' జనం నోట ఉన్నదే, ఉంచండి. 'పిల్లాడు' బదులు 'బాలుండు' అంటే?

టీచరమ్మ: వద్దండీ. మా ఐదో తరగతిలో ఒకడు "అది వెన్న మీద వాలుతుందా టీచర్?" అని అడిగాడు. వాడి ముఖం తలుచుకునే రాశాను. వాడు పిల్లాడే.

పూరణ 2 (బెంగళూరు నుంచి)

పచ్చరంగు బోర్డు బ్లాకుబోర్డై నిల్చె;
డాగు లేదు హాటు డాగులోన;
అర్థ మరసి చూడ నాశ్చర్య మేమింక?
వెన్న యీగ గలిసి విప్పె రెక్క.

నిర్వాహకుడు: తమ్ముడూ, భేష్! బ్లాక్‌బోర్డ్‌ని పైకి పలికి చూడండి. జంటమాట అయితే ఊనిక 'బ్లాక్' మీద పడుతుంది. ఊరికే నల్లరంగు బోర్డు అనాలంటే 'బోర్డ్'నీ గట్టిగా పలుకుతారు. రాతలో మాత్రం ఇలాంటి నియమం లేదు. నోట్‌బుక్‌ని కలిపి రాస్తారు, ఐస్ క్రీమ్‌ని విడిగా రాస్తారు, మదర్-ఇన్-లాకి మధ్యలో గీతలు పెడతారు. హాట్‌డాగ్ కంటే రెడ్‌హెడ్ మంచి ఉదాహరణ అయ్యేది. అది తల పేరు కాదు, ఎర్రజుట్టు మనిషి పేరు. మన ముక్కంటి లాంటిదే, బహువ్రీహి: కలిసిన మాటలు రెండూ కాక, వేరొకరిని చెప్పే సమాసం. ఇంగ్లీషు వ్యాకరణాల్లో కూడా ఆ పేరే వాడతారు, సంస్కృతం నుంచి తీసుకుని.

పూరణ 3 (డల్లాస్ నుంచి)

హౌసు ముందు పెట్ట హౌసుబోటు పడవ,
బోటు ముందు పెట్ట బోటుహౌసు;
వెనుక నున్న పదమె విలువైన దనిపించె;
వెన్న యీగ గలిసి విప్పె రెక్క.

నిర్వాహకుడు: అక్కయ్యా, అసలు కీలకం పట్టారు. శ్రీనగర్ దాల్ సరస్సులో తేలే హౌస్‌బోట్ పడవే, పడవల్ని ఉంచే బోట్‌హౌస్ ఇల్లే. కానీ నాలుగో పాదానికి అన్వయం కుదరలేదు. వెనక మాటకే విలువైతే బటర్‌ఫ్లై ఈగ కావాలి కదా?

డల్లాస్ సభ్యురాలు: ఒకప్పుడు ఈగేనండీ! పాత ఇంగ్లీషులో 'ఫ్లై' అంటే రెక్కలున్న ఏ పురుగైనా. మిణుగురు ఈగ కాదు, అయినా ఫైర్‌ఫ్లై అంటారు. మన తేనెటీగ మాత్రం ఈగా?

నిర్వాహకుడు: ఆ మాట పద్యంలో చెప్పాలి కదమ్మా!

డల్లాస్ సభ్యురాలు: మూడో పాదం మార్చాను.

ఎగురు పురుగు లెల్ల నీగలే యొకనాడు;
వెన్న యీగ గలిసి విప్పె రెక్క.

నిర్వాహకుడు: ఎ–ఈ యతి కూడా కుదిరింది. ఈ వారానికి ఇదే మేటి పూరణ.