కిడెపో లోయకు విహారయాత్రగా వెళ్లడం న్యాయమేనా?

ప్రశ్న
ఉగాండా ఈశాన్య మూలన, దక్షిణ సూడాన్, కెన్యా సరిహద్దుల దగ్గర ఉన్న కిడెపో లోయ జాతీయ ఉద్యానవనాన్ని జనవరిలో చూడాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. కంపాలా నుంచి కారులో వెళితే ఒక పగలంతా ప్రయాణమే. అది మాకు ఇబ్బంది కాదు. అయితే ఇక్ తెగవారిని ఆ లోయ నుంచి పంపించివేశారని చదివినప్పటి నుంచి మనసు ఒప్పడం లేదు. పెద్దలు మీ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి సమాధానం
వెళ్లవద్దనే నేను చెబుతాను. 1962లో ఉద్యానవనంగా ప్రకటించిన ఆ నేల మీద వేటాడి, దుంపలూ తేనె సేకరించి బతికిన ఇక్ ప్రజలు మోరుంగోలె కొండల మీద వర్షాధారపు సేద్యానికి పరిమితమయ్యారు. ఆ దశాబ్దం మధ్యలో వచ్చిన కరువులో ఆకలితో అలమటించారు. ఆ లోయను మనం కారు కిటికీలోంచి చూసి ఆనందించడం నాకు సమ్మతం కాదు.

రెండవ సమాధానం
పై సమాధానంలోని ఆవేదనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను ఫిబ్రవరిలో వెళ్లాను. ఎండాకాలంలో కిడెపో నది ఒట్టి ఇసుక మేట; నీళ్లు మిగిలేది ఆ ఉద్యానవనంలోనే ఉన్న మరో లోయ నారుస్‌లోనే కాబట్టి, వందలాది అడవి దున్నలు, ఏనుగులు, జీబ్రాలు అక్కడికే చేరతాయి, వాటి వెనకే సింహాలూ వస్తాయి. నది ఒడ్డున మన తాటిచెట్టుకు దగ్గరి చుట్టాలైన ఆఫ్రికా తాళ్లు బారులు తీరి ఉంటాయి. ఏరుకోవడం అనే అర్థమున్న స్థానిక క్రియ నుంచి కిడెపో అనే పేరు వచ్చిందనీ, జనం ఆ తాటిపండ్లను కల్లు కోసం ఏరుకునేవారనీ చెబుతారు. అంటే మనుషులు వచ్చిపోయిన చోటు అని ఆ పేరే సాక్ష్యం చెబుతోంది. వెళ్లినవారికే అది తెలిసివస్తుంది. ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ప్రజలకు ఇవ్వాలని ఉగాండా చట్టం చెబుతోంది. మనం మానుకుంటే ఆ సొమ్ము ఆగుతుందే తప్ప ఇక్ ప్రజలకు లోయ తిరిగి రాదు. మోరుంగోలె ఎక్కేటప్పుడు ఇక్ మనిషినే దారి చూపడానికి పెట్టుకోండి, అడగకుండా ఫొటోలు తీయకండి.

మొదటి సభ్యుడి బదులు
ఆ 20 శాతం స్థానిక ప్రభుత్వాల ద్వారా వెళుతుంది కదండీ, నా అనుమానమంతా అక్కడే. ప్రశ్న వేసినవారు వెళ్లడానికే నిశ్చయించుకుంటే, కొండ మీది పల్లెకు అందులో ఏం చేరిందో అక్కడి పెద్దలనే అడిగి, వచ్చాక ఇక్కడ రాయండి.