అప్‌డేట్: రౌటర్ రీస్టార్ట్ సమస్య తీరింది, లోపం అడాప్టర్‌దే

మలక్‌పేటలో మా ఇంట్లో రౌటర్ సాయంత్రం అందరూ వాడే వేళకి దానంతటదే ఆగి మళ్ళీ ఆన్ అవుతోందని అడిగాను కదా. లోడ్ మీద, అంటే రౌటర్ పనిచేస్తుండగా, అడాప్టర్ వోల్టేజ్ చూడమన్నవారికి చాలా థాంక్స్, కిటుకు అక్కడే ఉంది.

అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. రౌటర్‌కి తగిలించకుండా విడిగా మల్టీమీటర్ పెడితే 12.2 చూపించింది. ఇలా చూస్తే ఎవరైనా బాగుందనే అనుకుంటారు. డీసీ స్ప్లిటర్ కేబుల్‌తో (అడాప్టర్ పిన్‌ని రెండుగా చీల్చే వైరు), రౌటర్ నడుస్తుండగా కొలిస్తే మాత్రం రెండు వైఫై బ్యాండ్లూ వాడకంలోకి రాగానే 10 కిందికి జారింది, వెంటనే రీస్టార్ట్.

రిపేర్ షాపాయన తెరిస్తే అవుట్‌పుట్ కెపాసిటర్ (ఛార్జ్ నిలవ ఉంచే భాగం) ఉబ్బి ఉంది. దయచేసి ఇంట్లో అడాప్టర్ తెరవకండి. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టులు, 2 ఆంపియర్లది కొన్నాను. వోల్టేజ్, పిన్ సైజు, పోలారిటీ (పిన్‌లో ప్లస్, మైనస్ ఏవైపు అన్నది) పాతదానిలాగే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా పర్వాలేదు, రౌటర్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. ఇప్పుడు అదే లోడ్‌లో 11.9 దగ్గర నిలబడుతోంది. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులు తెగడం లేదు, ఇంట్లో ఆ టెన్షన్ పోయింది. రౌటర్ మార్చే పని లేదు.