దరఖాస్తులో పుట్టిన తేదీ అడగడం మానాలా?

పాతకాపు: మానాలి. నాకు యాభై మూడేళ్లు. అనుభవం చూసి ఇంటర్వ్యూకు పిలుస్తారు, వయసు చూసి ముఖం చాటేస్తారు. ఒకచోట ‘మా బృందమంతా కుర్రవాళ్లు, మీరు ఇమడలేరేమో’ అని ముఖం మీదే అన్నారు. అమెరికాలో 1967 నుంచే నలభై దాటినవారికి చట్టం అండగా ఉంది.

చిరుగాలి: నలభై లోపువారిని ఆ చట్టం పట్టించుకోదు. ఇరవై ఆరేళ్ల నన్ను ‘ఇంకా చిన్నదానివి’ అని పక్కన పెడితే ఎవరికి చెప్పుకోవాలి? బ్రిటన్‌లోనైతే కనీస వేతనమే వయసును బట్టి ఉంటుంది.

పాతకాపు: వేతనాల సంగతి నేను ఎత్తలేదు. పుట్టిన తేదీ గురించి చెప్పండి.

నిమ్మళం: అది తీసేస్తే డిగ్రీ ఏ సంవత్సరం పాసయ్యారో చూస్తారు.

పాతకాపు: అదీ తీసేయాలి.

చిరుగాలి: ఇక మిగిలేది పేరు. పేరు చూసినా ఏ తరమో తెలిసిపోతుంది లెండి.

తీరికగా: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రతి ఇద్దరిలో ఒకరికి వృద్ధులంటే చిన్నచూపు. ఐరోపాలో మాత్రం వయసు వివక్ష ఎదురైందని ఎక్కువగా చెప్పింది యువతే. ఇద్దరూ శాంతించండి.

పాతకాపు: చూశారా, ప్రతి ఇద్దరిలో ఒకరు!

చిరుగాలి: రెండో వాక్యం చదవలేదా?

పాతకాపు: చూడమ్మాయీ, నీకు ఇంకా బోలెడు జీవితం ఉంది. ఓపిక పట్టు.

చిరుగాలి: ఇప్పటిదాకా ‘మీరు’ అన్నారు, నా వయసు తెలియగానే ‘నువ్వు’లోకి దిగారు. మా పై అధికారికీ ఇదే అలవాటు. పదవీ విరమణ గడువును రెండుసార్లు పొడిగించుకున్నారు. నా పదోన్నతి మాటెత్తితే ఓపిక పట్టమంటారు.

పాతకాపు: ఆయన దిగిపోతే ఇంటి అప్పు నువ్వు తీరుస్తావా? నాకు పింఛను లేదు. పని లేకపోతే పూట గడవదు.

చిరుగాలి: ఈ మాట మొదటే చెప్పవలసింది. మీకు కావలసింది జీతం, నాకు కావలసిందీ జీతమే. కుర్చీ ఒక్కటే ఉంది.

నిమ్మళం: పెద్దవాళ్లు తప్పుకుంటేనే కుర్రవాళ్లకు పని దొరుకుతుందన్న లెక్క తప్పని చాలామంది ఆర్థికవేత్తలు అంటారు. ఉద్యోగాల సంఖ్య స్థిరం కాదు.

చిరుగాలి: దేశం మొత్తానికి కాకపోవచ్చు. మా విభాగంలో మాత్రం స్థిరమే.

పాతకాపు: అక్కడ కూర్చున్నది నేను కాదుగా! నా మీద మండిపడతారెందుకు?

చిరుగాలి: అచ్చం ఆయనలాగే మాట్లాడుతున్నారు కనుక.