ఇంటర్ అమ్మాయిలతో ‘బ్యూటీ క్వీన్స్’ నవల ఎలా చదివించాలి?

ప్రశ్న: అధ్యాపకురాలు, హనుమకొండ

ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థినులకు నేను ఇంగ్లిష్ చెబుతాను. సెలవుల్లో కలిసి చదువుకోవడానికి అమెరికన్ రచయిత్రి లిబ్బా బ్రే 2011లో వెలువరించిన ‘బ్యూటీ క్వీన్స్’ నవలను ఎంచుకున్నాం. అందాల పోటీకి బయలుదేరిన యాభై మంది టీనేజీ అమ్మాయిల విమానం ఒక దీవిలో కూలిపోతుంది; ప్రాణాలతో మిగిలిన కొద్దిమంది తిండికీ నీళ్లకూ వెతుక్కుంటూనే పోటీకి సాధన చేస్తుంటారు. పోటీ వెనుక ఉన్నది ‘ది కార్పొరేషన్’ అనే వ్యాపార సంస్థ. కథ నడుమ దాని వాణిజ్య ప్రకటనలు, పుటల అడుగున దాని సరుకుల వివరణలు వస్తుంటాయి. మా పిల్లలు తొలి అధ్యాయాలు చదివి ఆ అమ్మాయిల అమాయకత్వానికి పగలబడి నవ్వారు. ఆ నవ్వు సంస్థ దాకా వెళ్లకుండా అమ్మాయిల దగ్గరే ఆగిపోతుందేమోనని నాకు దిగులుగా ఉంది. ఏ వరుసలో చదివిస్తే మంచిది?

జవాబు 1: గ్రంథాలయ ఉద్యోగి, జనగామ

మేడం, కథను కాసేపు పక్కన పెట్టి ముందు ఆ ప్రకటనలనే చదివించండి. అమ్మాయిల పైపెదవి మీది నూగును పోగొట్టే ఒక సరుకు అందులో పదే పదే వస్తుంది. మొదట అది వట్టి హాస్యంగానే కనిపిస్తుంది. కథలో తర్వాత దానికి పట్టే గతి ఏమిటో ఇక్కడ చెప్పను, పిల్లలే కనుక్కోవాలి. ఆ ప్రకటన పక్కన మన ఇళ్లలోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీని పెట్టి చూపండి. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఆ క్రీము పెట్టె మీద చాలాకాలం రెండు ముఖాల బొమ్మ, చర్మం ఎంత తెల్లబడిందో పోల్చుకునే రంగుల పట్టీ ఉండేవి. వాటిని 2019లో తీసేశారు, 2020లో పేరులోని ‘ఫెయిర్’ను ‘గ్లో’గా మార్చారు. పేరు మారాక కొనేవారి మనసులో ఏం మారిందని అడిగితే, పిల్లలు తమ ఇంట్లో విన్న మాటలతోనే జవాబు చెబుతారు.

జవాబు 2: పాఠకుడు, కరీంనగర్

పై సూచన మంచిదే కాని, అది చాలదని నా అభిప్రాయం. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశాన్ని చూసి నవ్వే పాఠకుడికి ఆ కాలపు పెళ్లి బేరాలు తెలుసు కనుకనే నవ్వు తగలవలసిన చోట తగిలింది. ఈ నవల ఎగతాళి చేసేది అమెరికన్ టెలివిజన్‌ను. మన పిల్లలకు అది దూరం. వాళ్లకు దగ్గరగా ఉన్నది 2025 మే నెల. మిస్ వరల్డ్ పోటీదారులు రామప్ప గుడికి వెళ్లినప్పుడు, అక్కడి మహిళలు వారి కాళ్లకు నీళ్లు పోసి తుడిచిన దృశ్యం మీద ఎంత దుమారం రేగిందో వరంగల్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది అతిథి మర్యాద అని కొందరు, ఆత్మగౌరవానికి దెబ్బ అని కొందరు వాదించారు. నేను విన్నంతలో తిట్లన్నీ కుర్చీల్లో కూర్చున్న అమ్మాయిలకే పడ్డాయి. ఆ కుర్చీలు ఎవరు వేయించారు, కెమెరాలు ఎవరు పెట్టించారు, ఆ చిత్రాలతో ఎవరికి ప్రచారం దక్కింది అని మా చుట్టుపక్కల అడిగినవాళ్లు తక్కువ. మీ దిగులుకు మూలం సరిగ్గా ఇదే. నవలలో శాంతి అనే భారతీయ మూలాల అమ్మాయి, తాను పెరిగింది కాలిఫోర్నియాలో అయినా, న్యాయనిర్ణేతలు మెచ్చే ‘భారతీయత’ను ప్రదర్శిస్తుంది. ఆమె అధ్యాయాన్ని చదివించి, ఆ వేషం ఎవరు కోరుకుంటే వేసిందో రాయమనండి.

జవాబు 3: ఒక తల్లి, హనుమకొండ

మేడం గారూ, ఇందులో ప్రేమకూ శరీరానికీ సంబంధించిన సన్నివేశాలు ఉన్నాయి కనుక తల్లిదండ్రులకు ముందే చెప్పండి. దాచిపెడితే తర్వాత పుస్తకానికే చెడ్డపేరు వస్తుంది. మా పెద్దమ్మాయి పెళ్లి సంబంధాల ఫొటో కోసం స్టూడియోకు వెళితే, ఆ అబ్బాయి మేము అడగకుండానే కంప్యూటర్లో ముఖాన్ని తెల్లగా చేశాడు, మెడ మాత్రం దాని అసలు రంగులోనే మిగిలిపోయింది. ‘పిల్ల మంచిగనే ఉన్నది, జర చాయ తక్కువ’ అనే మాట వినని ఇల్లు మా వాడలో లేదు. చిన్నమ్మాయి మీ బృందంలో చేరితే నేను సంతోషిస్తాను. వీలైతే తల్లులను కూడా ఒకరోజు కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ప్రకటనలతో మొదలుపెట్టి, రెండో వారం శాంతి అధ్యాయం, ఆ తర్వాతే మొదటి పుట నుంచి నవల చదివిస్తాను. తల్లుల సమావేశం ఆదివారం పెడతాను. స్టూడియో ఫొటో సంగతి అక్కడ మీరే చెప్పాలి, అమ్మా.